మిట్ట మీద జీపు

షెడ్డులో డీజిల్ వాసన తగలగానే మా నాయన గుర్తొచ్చినాడు. ఆయన పాత జీపును ఇప్పుడు మా అమ్మాయి బాగుచేస్తాండాది.

వేంపల్లెలో పెళ్లికి పోయినా, నాయన జీపును పందిరి దగ్గర ఆపకుండా దూరంగా మిట్ట మీద నిలిపేవాడు. ఆడి నుంచి అందరం ఎండలో నడవాల్సిందే. ఊరందరికీ తన జీపు కనపడాలని ఆయనకు శానా ఆశ అనుకునేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు, పల్లానికి వదిలితే జారతా జారతానే బండి స్టార్టయ్యేది. నాకు ఉయ్యాల ఊగినట్టుండేది.

“అవ్వా, దీనికి మొదట ఏం మార్చాల?” అని మా అమ్మాయి మా అమ్మను అడిగింది.

“బ్యాటరీ మార్చు తల్లీ,” అంది అమ్మ. “పెళ్లయిన కొత్తలో, పట్టుచీర కట్టుకొని, నలుగురూ చూస్తాంటే దీన్ని తోసినా. ఆ పొద్దు నుంచి మీ తాత మిట్ట కనపడందే బండి ఆపలేదు.”