పొడంపేట మ్యాపులో నేను చెరిపేసిన గీత

మా ఇంట్లో ఇంటర్నెట్‌కి కాపలా ఎక్కువ. హాల్లో ఓ మూల పెట్టిన పాత కంప్యూటరు, ప్రకటనలనీ, మేం ఏం చూస్తున్నామో ఆరా తీసే ప్రోగ్రాములనీ గుమ్మంలోనే ఆపేస్తుంటుంది. దాని పుణ్యమా అని మా ఆవిడ చీరలు చూసే సైటు అప్పుడప్పుడూ తెరుచుకోదు, ఆ రోజు నాకు అక్షింతలు తప్పవు. అయినా పట్టు వదలను. మిగతా విషయాల్లో నేను పూర్తిగా ఉల్టా మనిషిని. ఓ కూర కుదిరితే కొలతలతో సహా ఊరందరికీ పంచేస్తాను. జనం తలో చెయ్యీ వేసి ఉచితంగా గీసుకునే మ్యాపు ఒకటుంది, ఆదివారాలు దాంట్లో వీధులు గీస్తూ కూర్చుంటాను. ఒడిశా బరంపురంలో ఉండే సుజాత గారిదీ అదే బాపతు. తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం, కాలేజీలో లెక్కలు చెబుతారు. దసరాకి ముందు ఆవిడ ఫోన్ చేసి, "ఏటంటే, మన మ్యాపులో గంజాం పక్కన పొడంపేట ఇంకా సముద్రంలోనే ఉందండీ. ఒడ్డుని సముద్రం కోసేస్తే ఊరు వెనక్కి జరిగిపోయి ఏళ్ళయింది. రేపు తుఫానొస్తే సాయానికొచ్చేవాళ్ళు ఏ దారిని వస్తారు?" అన్నారు. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

విశాఖలో మధ్యాహ్నం రైలెక్కితే సాయంత్రానికి బరంపురం. స్లీపర్ టికెట్టు దాదాపు రెండు వందలు. స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, కంగారు పడకండి. సుజాత గారింట్లో కూరగాయ ముక్కలు దండిగా వేసిన ఒడియా పప్పు దాల్మా, పక్కన గోంగూర పచ్చడి. ఆ రెండూ కలిపి తింటారని నాకు అప్పటిదాకా తెలియదు, ఇప్పుడు మా ఇంట్లో కూడా కలిపే తింటున్నాం. చుట్టాలకని వాళ్ళింట్లో విడిగా ఓ వైఫై ఉంది. చుట్టరికం చుట్టరికమే, సొంత ఫైళ్ళు సొంత ఫైళ్ళేనట. ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది.

పొద్దున్నే ఐదున్నరకి బస్సెక్కి గంజాంలో దిగాం. గంట లోపు ప్రయాణం, మనిషికి యాభై. అక్కడి నుంచి పొడంపేటకి ఆటో, బేరమాడితే రెండు వందలకి వస్తుంది. ఊళ్ళో దిగగానే ఫోన్‌లో నడిచిన దారిని నమోదు చేసే యాప్ ఆన్ చేశాను. సిగ్నల్ దొరికినప్పుడల్లా గీతలన్నీ అందరూ చూసేలా వాటంతటవే మ్యాపుకి వెళ్ళిపోయేలా ఎప్పుడో పెట్టుకున్నాను. దాచుకోవడానికి అందులో ఏముంది, అని నా ధీమా. రెండు గంటల్లో సందులన్నీ తిరిగేశాం. సుజాత గారు తుఫాను షెల్టర్ దగ్గర కొలతలు తీస్తూ ఉండిపోయారు. ఆవిడకి బాగా తెలిసిన తెలుగు జాలరి ఎర్రయ్య గేలాల వేటకి బయల్దేరుతుంటే, నేనూ వస్తానని ఫైబర్ తెప్ప ఎక్కేశాను.

అరవై దాటిన ఎర్రయ్య దగ్గర ఫోనూ లేదు, దిక్సూచీ లేదు. ఒడ్డు చిన్నదయ్యాక వెనక్కి తిరిగి నిలబడి, ఓ కొండ కొమ్మునీ షెల్టర్ మేడనీ ఒకే వరసలోకి తెచ్చుకున్నాడు. తర్వాత ఇంకో పక్కకి తిరిగి సరుగుడు తోపు చివరని మరో కొండతో కలిపాడు. ఆ రెండు వరసలూ కలిసిన చోట ఇంజన్ ఆపేసి, "కింద రాయుంది బాబూ, సేపలు దాని సుట్టే ఉంటాయి. మా అయ్య సూపించినాడు," అన్నాడు. గేలం వేసిన కాసేపటికే గులివింద చేపలు ఒకదాని వెనక ఒకటి పైకి రావడం మొదలైంది. ఉపగ్రహాలతో కుస్తీ పట్టే నాకు ఆ మనిషి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఒడ్డుకి వచ్చాక ఎర్రయ్య భార్య లచ్చమ్మ చేపలు కడుగుతుంటే, నేను గొప్పగా ఫోన్ తీసి ఆయనకి చూపించాను. సందులన్నీ గీతలుగా ఉన్నాయి. వాటిలోంచి ఓ గీత సముద్రంలోకి వెళ్ళి, ఒకచోట ముడి వేసుకుని తిరిగొచ్చింది.

"ఇది మనం ఎల్లిన దారేనా?"

"అవును. ఇక ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు."

ఎర్రయ్య మొహం మారిపోయింది. "పెద్ద బోట్లోళ్ళు సూసి ఒక్కసారి వల ఏసేస్తే ఆ రాయి కాడ ఏటీ మిగల్దు బాబూ. నా కొడుకులికి నానేటి సూపించాల?"

"సమాచారం అందరిదీ కదా" అని ఏదో మొదలుపెట్టాను.

ఆయన గొంతు పెంచలేదు. "నీ ఇంట్లో ఎవలు ఏటి సూస్తన్నారో బయటోళ్ళకి తెలీకుండా కాపలా ఎట్టినావని సుజాతమ్మ సెప్పింది. మరి నా రాయికి కాపలా ఎవలు?"

ఫోన్ వంక చూశాను. తెర మీద "పంపుతోంది" అని కనిపించింది. గబగబా నెట్ ఆపేసి చూస్తే సందులు వెళ్ళాయి, సముద్రం గీత ఇంకా వెళ్ళలేదు. ఆయన ఎదురుగానే దాన్ని చెరిపేశాను. ఎర్రయ్య ఫోన్ దగ్గరికి జరిగి, "ఈ సందు సివర నీరు నిలిచిపోతాది, బండి ఎల్లదు. ఇటు పక్కనుంచి దారుంది, అది గియ్యి. మా ఇల్లు కూడా ఎట్టు," అన్నాడు. లచ్చమ్మ చేపల పులుసు పెట్టి, ఎలా చేశారని నేను మొహమాటంగా అడిగితే నవ్వింది. "రాసుకో బాబూ. పులుసుకి దాపరికం ఏటి?"

ఏదైనా తెరిచి పంచితేనే మంచిదని ఇన్నేళ్ళూ అందరికీ పాఠాలు చెప్పాను. ఏది తెరవాలో, ఏది మూయాలో దాని మీద బతికే మనిషి చెప్పాలన్న సంగతి నాకు తట్టనే లేదు. సిగ్గేసింది, నిజం. ఇల్లూ, దారీ అడగకముందే, వంట అడగ్గానే ఇచ్చేసి, ఒక్క రాయిని మాత్రం తమకి ఉంచుకున్న ఆ మనుషులంటే చాలా ఇష్టం కూడా కలిగింది.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. తెప్ప ఎక్కేముందు ఫోన్‌లో దారి నమోదు ఆపేయండి, ఆపేసినట్టు తెప్ప మనిషికి చూపించండి. తిరుగు బస్సులో సుజాత గారు, రాయి ఎంత దూరంలో ఉందని అడిగారు. చెప్పలేదు, ఆవిడా మళ్ళీ అడగలేదు. ఇప్పుడు మ్యాపులో పొడంపేట చూడండి. సందులున్నాయి, షెల్టర్ ఉంది, బండి వెళ్ళే దారి ఉంది, ఎర్రయ్య ఇల్లుంది. దాని ముందు సముద్రం ఖాళీగా, ఒక్క గీత కూడా లేకుండా నీలంగా ఉంది.