పెట్టె చేసిన చేతికి కూలి

మొన్న మా వంటగది తలుపు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి ధర ముందే చెప్పి, సగం డబ్బు ఫోన్లో వేయించుకున్నాకే టేపు విప్పాడు. మా కోడలు సణుక్కుంది గానీ, నాకు మాత్రం అతని పద్ధతి నచ్చింది. పనివాడి నోట ధర రాకుండా పని చేయించుకోవడం ఒక నేర్పనుకున్న తరం కదా మనది.

రెండు వేల పది దాటిన తొలి ఏళ్లలో, నేను నరసన్నపేట దగ్గర బడిలో పంతులమ్మగా ఉండగా మా నాన్నగారు పోయారు. మా చర్చి వెనక వీధిలో ఒక వడ్రంగి మావయ్య ఉండేవాడు. పిలుపుకే మావయ్య, చుట్టరికం లేదు. సంఘంలో ఎవరు పోయినా శవపేటిక ఆయనే చేసేవాడు. కబురందిన గంటకే వచ్చి కొలతలు తీసుకున్నాడు. ఎంతవుతుందని అడిగితే తల వంచుకుని, "మీ నానకి నాను ధర కడతానా అమ్మా? కలప డబ్బులిచ్చీ, నా కూలి నీకు తోచినంత" అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చుని చిత్రిక పట్టాడు. ఎవరూ చూడని లోపలి వైపు కూడా, నాన్నగారి వీపుకి గరుకు తగలకూడదన్నట్టు, నున్నగా తీశాడు. సమాధి కార్యక్రమం అయ్యాక, పూలకీ షామియానాకీ భోజనాలకీ అడిగినంత ఇచ్చిన నేను, ఆయన చేతిలో కలప డబ్బులు మాత్రం పెట్టి, దేవుని పనికి దేవుడే ఫలమిస్తాడు మావయ్యా అన్నాను. ఆయన డబ్బు లుంగీ మడతలో దోపుకుని వెళ్లిపోయాడు.

ఆయన భార్యకి అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. బస్సులో కూర్చోలేని మనిషిని వారానికి రెండుసార్లు ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాడు. ఆ సంగతి నాకు తెలియదంటే అబద్ధమవుతుంది. ప్రతి ఆదివారం ప్రార్థనలో ఆమె పేరు చదివింది నేనే.

నెల తిరక్కుండా ఆమె పోయింది. కవరులో డబ్బు పెట్టుకుని పరుగున వెళ్లేసరికి, ఆయన వాకిట్లో ఒక్కడే కూర్చుని ఆమె పెట్టెకి మేకులు కొడుతున్నాడు. కవరు వైపు చూసి, సుత్తి పక్కన పెట్టకుండానే అన్నాడు.

"ఇప్పుడేటి సేసుకుంతానమ్మా? మీ నాన పోయిన మర్నాడు ఆటోకి డబ్బుల్నేవు. ఆ వారం ఆస్పత్రికి ఎల్లనేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఆ ఒక్క వారమే ఆమె ప్రాణం తీసిందని ఏ డాక్టరూ అనలేదు, ఆయనా అనలేదు. కవరు మాత్రం తీసుకోలేదు. తర్వాత మాలో ఎవరికీ పెట్టె చేయలేదు. పనిముట్లు అమ్మేసి విజయనగరంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడే పోయాడని చాన్నాళ్లకి తెలిసింది. పెట్టె ఎవరు చేశారో తెలియదు.

ఇప్పుడు మా వీధిలో పనివాళ్లని మావయ్యా, అత్తా అని పిలిచేవాళ్లు లేరు. ఆ ఆప్యాయత పోయిందని నా ఈడువాళ్లు బాధపడుతుంటే నేను మాట కలపలేను. ఆ ఒక్క పిలుపుతో ఎంతమంది కూలి మిగుల్చుకున్నామో నాకు తెలుసు.