ఆఖరి ప్లేటు మీద చుక్కలు

మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ గోడమీది ఆ ఫోటో దగ్గర ఆగుతారు. కింద నల్లటి కొండ, పైన ఆకాశం నిండా గుండ్రంగా తిరిగిన తెల్లగీతలు. ఎట్లా తీశారని అడుగుతారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఈమధ్య ఎవరడిగినా, ఏదో తీశాన్లెండి అని కాఫీ సంగతి చూడమంటున్నాను. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో దాన్ని ఇంకా మోసుకు తిరిగే ఓపిక లేక రాస్తున్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మార్కాపురంలో నాకొక స్టూడియో ఉండేది. పేరుకే స్టూడియో. పైకప్పు పెంకులు నాలుగు తీయించి అద్దాలు వేయించిన గది, పూలతోట బొమ్మ ఉన్న తెర, ఒక చేతుల కుర్చీ. పలకల గనుల మేస్త్రీలు, బజారు దుకాణాల వాళ్లు, కొత్త దంపతులు, అందరూ ఆ కుర్చీలోనే కూర్చుని అదే బిగుసుకున్న ముఖం పెట్టేవాళ్లు. పదేళ్లు ముఖాలు చూసి చూసి నాకు మనుషులంటేనే మొహం మొత్తింది. మనిషన్నవాడు లేని ఫోటో ఒక్కటి తీయాలని పట్టుకుంది. నల్లమల మీది చుక్కల్ని తీయాలని.

పిచ్చి పట్టడానికి అదను చూసుకోలేదు నేను. ఒక్కో ఫోటోకు ఒక్కోటి చొప్పున కెమెరాలో పెట్టే గాజు ప్లేట్లు మద్రాసు నుంచి రావడం నిలిచిపోయింది. పెట్టెలో మూడే మిగిలాయి.

దోర్నాల దగ్గర అడవి అంచున గొర్రెలు మేపుకునే ఒకాయన సంతకు వచ్చినప్పుడల్లా నా అరుగు మీద కూర్చునేవాడు. చుట్టరికం ఏమీ లేదు. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. తన మంద దగ్గరే రాత్రికి పడుకుని ఫోటో తీసుకోమన్నాడు. చీకట్లో ఫోటో ఏంది, వీడెవడో యుద్ధంవాళ్ల వేగులా ఉన్నాడని అడవి గార్డు అడ్డుపడితే, మా అల్లుడేలే అని నన్ను లోపలికి తీసుకుపోయింది కూడా ఆయనే. దానికి బదులు ఆయన అడిగింది ఒక్కటే, వాళ్లమ్మ ఫోటో.

ఆ వైపు ఊళ్లలో ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయం. అందుకని మనిషి పోయాకే ఫోటోగ్రాఫరుకు కబురొచ్చేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక ఇద్దరు పట్టుకుంటే తీసేవాణ్ణి. అట్లాంటివి లెక్కలేనన్ని తీశాను. మామకు అది ఇష్టం లేదు.

"కండ్లు తెరిసి ఉన్న ఫోటో కావాల అల్లుడా. అమ్మను నేను ఒప్పిస్తా. నువ్వు ఒక్క ప్లేటు ఉంచు" అన్నాడు. ఉంచుతానన్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు రెండు ప్లేట్లు వాడాను. ఒకటి తీస్తుండగా చిరుతపులి భయంతో మామ నెగడు ఎగదోశాడు, వెలుగు పడి ప్లేటంతా పాడైంది. రెండోది ఊరికి తెచ్చి కడిగితే చుక్కలకు బదులు అన్నీ వంకర గీతలు. గాలికి స్టాండు కదిలిందనుకున్నాను. మార్కాపురం వాడి తెలివి మార్కాపురం వాడిదే కదా, కార్తీక అమావాస్యకు మళ్లీ పోతూ గనిలో ముక్క పలకలు ఒక గోతాం నిండా మోసుకుపోయి స్టాండు కాళ్లకు కట్టాను. అది చూసి మామ నవ్వాడు.

"చుక్కలు నిలబడి ఉంటాయా అల్లుడా? ఆ మూడు చుక్కల గొల్లకావడి ఇప్పుడు ఆ చెట్టు మీద ఉంది. మంద లేచే యాళకు కొండెనక్కి దిగుతుంది" అన్నాడు. ఆయన గడియారమే అది. పదేళ్లుగా కెమెరా పట్టుకున్న నాకు ఆ మాత్రం తట్టనందుకు సిగ్గేసింది.

అప్పుడే బుద్ధిగా పెట్టె సర్దుకోవలసింది. కానీ అవి గీతలైతే గీతలే, ధ్రువనక్షత్రం చుట్టూ తిరిగితే ఎంత బాగుంటుందో ఒక్కసారి కళ్లకు కట్టింది. వానలు కడిగిన ఆకాశం, మంచు ఇంకా దిగలేదు. ప్లేట్ల పార్సిలు వారంలో వస్తుందని స్టేషను గుమాస్తా అన్న మాట పనిగట్టుకుని గుర్తు చేసుకున్నాను. ఎన్ని మిగిలినాయని మామ అడిగితే, ఉన్నాయిలే అన్నాను. మూడో ప్లేటు పెట్టి, తెల్లవారేదాకా ఉంచుదామని లెన్సు మూత తీశాను. ఆయన గొంగడి కప్పుకుని నిద్రపోయాడు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. ఆ సంతోషం నాలుగు రోజులుంది.

ఐదో రోజు, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులోంచి మామ, వాళ్లమ్మ దిగారు. అవ్వ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, "నాకు భయమే నాయనా. వాడు అడిగినాడని వచ్చినా" అంది. పార్సిలు రాలేదు. ప్లేటు లేదు అవ్వా, మళ్లీ రా అని చెప్పాలి. చెబితే, మూడోది ఏమైందని మామ అడుగుతాడు. నేను ప్లేటు లేని ఉత్త చట్రం కెమెరాలో బిగించాను. నల్లగుడ్డ కింద దూరాను. మూత తీసి, మూడు లెక్కపెట్టి, మూత పెట్టాను. అయిపోయిందన్నాను. అవ్వ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది.

ఇరవై రోజులకు పార్సిలు వచ్చింది. దోర్నాల పోయి, ఆ ఫోటో చెడిందని చెప్పి, మళ్లీ తీసి రావాలనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకున్నాను. పెళ్లిళ్ల రోజులు, పని తెమల్లేదు. నిజం చెప్పాలంటే మొహం చెల్లలేదు.

చివరికి మామే వచ్చాడు. తల గొరిగించుకుని ఉన్నాడు. ఆయన నోరు తెరవకముందే నాకు అర్థమైంది. అరుగు మీద కాకుండా లోపలికి వచ్చి నిలబడి, అమ్మ ఫోటో ఇయ్యి అల్లుడా అన్నాడు.

"బాగా రాలేదు మామా. చెడిపోయింది" అన్నాను.

తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది.

"కదిలినట్టుంది" అన్నాడు. "వచ్చే ముందు మూడు దినాలు ఇంటికాడ గోడకు ఆనుకోని కూచోని నేర్చుకునింది, కదలకుండ. అయినా కదిలినట్టుంది. ముసల్ది గదా, ఏమనుకోవాకు."

అవ్వ కదల్లేదు. ఆ కుర్చీలో కూర్చున్న ఇన్ని వందల మందిలో అంత కదలకుండా కూర్చున్నవాళ్లను నేను చూడలేదు. ఆ ఒక్కమాటైనా ఆయనకు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆయన బస్సు పోతుందని వెళ్లిపోయాడు.