కుర్చీలు మార్చిన టీచరక్క

ఎదురింటి టీచరక్క పోయిందని కాలేజీ నుంచి మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. "తాతా, టీచరవ్వ నిద్రలోనే పోయిందంట. నువ్వు ఆడికి పోయి కూచో, నేనొస్తా." వీధి దాటితే ఆ ఇల్లు. కబురు మాత్రం మైలాపూరంతా చుట్టి నా దగ్గరికొచ్చింది. అటువంటి పొరుగువాణ్ణి నేను.

ఆమె కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరైంది. వరండాలో రెండు చెక్క కుర్చీలు ఎదురెదురుగా వేసి, తాను గోడకానుకుని నేల మీద కూర్చునేది. తగువుతో ఎవరొచ్చినా ముందు ఎవరి మాట వాళ్ళు చెప్పాలి. తర్వాత కుర్చీలు మారి, ఎదుటివాళ్ళ మాట తమదిగా చెప్పాలి. "అవును, నా మాట ఇదే" అని ఆ ఎదుటివాళ్ళు ఒప్పుకునేదాకా లేవకూడదు. "తీర్పు నా దగ్గర లేదు, కాఫీ ఉంది" అనేది. నీళ్ళ మోటారు కోసం కొట్టుకున్న ఇద్దరు ఆ కుర్చీలు మారి, ఒకరి తిట్లు ఒకరు తిట్టుకుని నవ్వుకుంటూ పోవడం చూశాను. ఆ మోటారు కథ పెద్దది, మరోచోట చెప్పుకోవాలి.

నేను బడి మానేసి టి. నగర్‌లో చీరల కొట్లో చేరినవాణ్ణి. మిగతా చదువంతా పాత పుస్తకాల బండి దగ్గర నిలబడి చదివిందే. వీధిలో ఎవరు దొరికినా ఆత్మ గురించి అరగంట చెప్పేవాణ్ణి. అటువంటి నేను, మనవరాలు ఫిలాసఫీలో బి.ఏ. చేస్తానంటే, "అది పనిలేనోళ్ళ చదువు, బి.కామ్‌లో చేరు" అన్నాను. మాన్పించమని అక్క దగ్గరికి తీసుకెళ్ళాను. ఎవరి మాట వాళ్ళం చెప్పాం.

"మారి కూచోండి" అంది అక్క.

పిల్ల కుర్చీలో కూర్చుని, "నాకు లెక్కలు రావు గనక..." అన్నాను.

"నా మాట అది కాదు తాతా."

"ఉద్యోగం మీద ఆశ లేదు గనక..."

"అదీ కాదు."

కొట్లో ముక్కూమొహం తెలియని ఆవిడ అంచు తడిమిన తీరు చూసి, ఏ చీర కావాలో చెప్పేవాణ్ణి. నా ఇంట్లో పెరిగిన పిల్ల మాట ఒక్కటి చెప్పలేకపోయాను.

అప్పుడది నా కుర్చీలో, నాలాగే మోకాలు నిమురుకుంటూ అంది: "నాకు చదువుకోవాలని ఉండె. కుదరలేదు. ఈ వీధికి ఫిలాసఫర్ని నేనే. రేపు ఇది చదువుకొనొస్తే, ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా ఉత్తదని ఇంట్లోనే తేలిపోతుంది."

అక్క నా వైపు తిరిగింది. "నీ మాట ఇదేనా తమ్ముడూ?"

"కాఫీ చల్లారిపోతా ఉంది అక్కా" అన్నాను.

"చల్లారితే మళ్ళీ పెడతా. మాట మాత్రం నువ్వే చెప్పాల."

చెప్పకుండా లేచి వచ్చేశాను. పిల్లను ఫిలాసఫీలోనే చేర్చాను, కానీ అవునని ఎవరితోనూ అనలేదు. ఆ తర్వాత వీధిలో ఎదురుపడినప్పుడల్లా అక్క, "కాఫీ ఇంకా చల్లారతా ఉందా తమ్ముడూ?" అని నవ్వేది. నేను ఎండల గురించి మాట్లాడేవాణ్ణి.

నిన్న ఆ వరండా నిండా అద్దె ప్లాస్టిక్ కుర్చీలు. ఆమె కుర్చీలు రెండూ ఒక మూలకు జరిపేశారు, అయినా ఎదురెదురుగానే ఉన్నాయి. ఒకదానిలో కూర్చున్నాను. ఆ ఇంట పొయ్యి వెలగదు గనక పక్కింటివాళ్ళు ఫ్లాస్కులో కాఫీ తెచ్చి ఇచ్చారు. మనవరాలు వచ్చి, లోపలికెళ్ళి అక్కను చూసి, ఏడ్చిన ముఖంతో నా ఎదుటి కుర్చీలో కూర్చుంది. గోడ కింద, అక్క వీపు ఆనిన చోట, సున్నం అరిగి నునుపుగా ఉంది. ఇద్దరం అటే చూస్తూ ఉన్నాం. నా చేతిలో కాఫీ మీగడ కట్టింది.