మందు డబ్బాలో నీళ్లు

షార్జా అవతల ఒక తోటలో నేను వంట చేసేదాన్ని. అక్కడి తోటపనివాడి భార్య మా గోదావరి పిల్లే, అప్పుడామెకు ఏడో నెల. మొగుడు తెచ్చిన ఖాళీ పురుగుమందు డబ్బాలను చింతపండుతో తోమి, మూతికి ముక్కు ఆనించి వాసన చూసి, తాగే నీళ్లు పట్టేది.

"అది విషమే పిల్లా" అంటే నవ్వేది.

"వాసన పోయాక ఇంకేం విషం వదినా? మా ఊళ్లో వీటిలోనే తాగి పెరిగాం."

తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఇంట్లో పురుగుమందులు ఉన్నాయా అని ఆసుపత్రిలో డాక్టరమ్మ హిందీలో అడిగింది. పక్కనే తోట మేనేజరు, మేం ముదీర్ అనే ఆయన, నిలబడ్డాడు. డబ్బాలు ముట్టుకోవద్దన్నది అతనే, మా అందరి వీసాలూ అతని చేతిలోనే ఉన్నాయి.

"అవేం లేవు మేడమ్. బొప్పాయి తినేసింది" అన్నాడు మొగుడు.

ఆమె బొప్పాయి తినగా నేనెప్పుడూ చూడలేదు. మంచం మీంచి ఆ పిల్ల నా వైపు చూసింది. ముదీరూ చూశాడు.

"అవును మేడమ్, తింది" అన్నాను.