గోదావరిఖనిలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు

మా అన్న మహేష్ బొగ్గు టిప్పర్ నడిపేవాడు. రెండేళ్ళ క్రితం వరుసగా రెండు షిఫ్టులు చేసి, తెల్లవారుతుండగా నిద్రమత్తులో బండి బోల్తా కొట్టించాడు. ప్రాణం దక్కింది గానీ కుడికాలు సరిగా అతకలేదు. ఇప్పుడు మంథని దగ్గర మా ఊళ్ళో కిరాణా కొట్టు చూసుకుంటున్నాడు. ఆ రోజు అడిగాడని అతనికి రెండో షిఫ్టు వేసిన సూపర్‌వైజర్ మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. అలాంటిది, ఎంబీఏ అయ్యాక నాకు వచ్చిన మొదటి ఇంటర్వ్యూ పిలుపు బొగ్గు రవాణా చేసే మరో ప్రైవేటు సంస్థ నుంచి. ఉద్యోగం ట్రైనీ షిఫ్ట్ ఇన్‌ఛార్జి. అంటే డ్రైవర్లకు డ్యూటీలు వేసే పనే. నాలుగు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. చివరికి అన్నే, "పోయి రా చెల్లె, ఇంట్ల కూసుంటే ఏమొస్తది?" అన్నాడు.

మంథనిలో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితమే కాబట్టి ఖర్చు లేదు. సెంటినరీ కాలనీ దగ్గర జనం ఎక్కాక నిలబడటానికీ చోటు లేకపోయింది. సర్టిఫికెట్ల ఫైలు నలగకుండా ఛాతీకి అదుముకుని నిలబడ్డాను. ఎనిమిదికల్లా గోదావరిఖని బస్టాండులో దిగాను. సంస్థ ఆఫీసు ఊరి బయట లారీల యార్డు పక్కన ఉంది. అక్కడికి నలభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. నడిపే ఆయన మా నాన్న వయసు వాడు. ఏం పని మీదని అడిగి, ఉద్యోగం పేరు విని అద్దంలో నన్నోసారి చూశాడు.

"లారీలోళ్ళ మీద ఇన్‌ఛార్జా బిడ్డా? మంచిదే. గట్టిగ మాట్లాడాలె గని తిట్టద్దు. తిడితే నీ మాట ఇంకోసారి ఇనరు."

"గట్లనే కాక," అన్నాను. ఆ ఉదయం నాకు అందిన సలహాల్లో అదొక్కటే గుర్తుండిపోయింది.

మొత్తం పదకొండు మందిమి వచ్చాం, అమ్మాయిని నేనొక్కదాన్నే. తొమ్మిదిన్నరకు సర్టిఫికెట్లు చూశారు. పదో తరగతి మెమో నుంచి అన్నీ ఒరిజినల్స్ అడిగారు. జిరాక్సులు రెండు సెట్లు తీసుకెళ్ళడం మంచిదైంది. తర్వాత అరగంట రాత పరీక్ష పెట్టారు. ఒక లారీ ఎన్ని ట్రిప్పులకు ఎంత డీజిల్ తాగుతుంది, ఇద్దరు డ్రైవర్లు రాకపోతే ఉన్నవాళ్ళను ఎలా సర్దాలి, ఇలాంటి లెక్కలు. పుస్తకాల్లో చదివిన మేనేజ్‌మెంట్ సూత్రాల ఊసే లేదు. ఆ పైన యార్డు అంతా తిప్పి చూపించారు. ఎండలో వరుసగా నిలబడ్డ టిప్పర్ల మధ్య నడుస్తూ అందరికన్నా వెనకబడ్డాను. అన్న ప్రమాదం తర్వాత టిప్పర్‌కు అంత దగ్గరగా వెళ్ళడం నాకదే మొదటిసారి.

నా పేరు పిలిచేసరికి పన్నెండున్నర దాటింది. లోపల ఇద్దరు ఉన్నారు. ఒకరు ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారిణి. రెండో ఆయన మొగిలి సార్, రవాణా మేనేజర్. ఒకప్పుడు ఆయన కూడా లారీ నడిపినవారేనని బయట చెప్పుకున్నారు. మేడమ్ నా గురించి చెప్పమన్నారు, చదువు గురించి అడిగారు, రాత్రి షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటారా అన్నారు. వాటికి ముందే తయారై వెళ్ళాను కనుక తడుముకోకుండా చెప్పాను. అప్పుడు మొగిలి సార్ కుర్చీ ముందుకు జరిపారు.

"ఒక డ్రైవర్ డ్యూటీ దిగిండు. ఆయన జాగల రావాల్సినోడు రాలే. ఈ షిఫ్టు గూడ నేనే చేస్త, రేపు నాకు పనుంది అంటుండు. పైనుంచేమో బండి ఆగద్దని ఫోన్లు. నువ్వేం జేస్తవు?"

ముందు బట్టీపట్టిన జవాబు చెప్పాను: భద్రతకే మొదటి స్థానం, జట్టుతో చర్చిస్తాను, ప్రత్యామ్నాయం చూస్తాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఇది పొద్దుగాల నుంచి ఆరుగురు చెప్పిండ్రు. నువ్వు ఆపుతవా, ఆపవా?"

"మా అన్నకు గిట్లనే అయింది సార్," అన్నాను. తెల్లారితే మా పొలంలో నాట్లు, అందుకని అన్నే రెండో షిఫ్టు అడిగి చేశాడని, తర్వాత జరిగిందీ చెప్పాను. "బండి ఆపాలని నాకు తెలుసు. పైనుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆపే ధైర్యం ఉంటదో లేదో ఇప్పుడే చెప్పలేను. ఉంటదని చెప్తే అబద్ధమైతది."

మొగిలి సార్ నా కాగితం మీద ఏదో రాసుకుని, "పో బిడ్డా, ఫోన్ చేస్తం," అన్నారు.

తిరుగు బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది గానీ మనసు నిలవలేదు. ఉద్యోగం కోసం అన్న కాలిని వాడుకున్నానా అనిపించింది. సాయంత్రం నేరుగా కొట్టుకు వెళ్ళి, లోపల చెప్పిందంతా ఏడుస్తూనే అన్నకు చెప్పేశాను. అన్న కోప్పడలేదు. చాలాసేపు తూకం రాళ్ళు సర్దుతూ ఉండిపోయాడు.

"నీకొక ముచ్చట చెప్పలే చెల్లె," అన్నాడు చివరికి. "ఆ సూపర్‌వైజర్ పిల్లగాడు నన్ను పండుకోమన్నడు. ఒకసారి గాదు, మూడుసార్లు. నేనే ఇనలే. మీరంత ఆయన్ను తిడుతుంటే నా తప్పు చెప్పుకునుడు కష్టమైంది."

పేరు కూడా తెలియని ఆ మనిషిని ఇంతకాలం ఎన్ని తిట్లు తిట్టానో తలుచుకుంటే సిగ్గేసింది.

"గని ఆయన తప్పు గూడ ఉన్నది," అన్నాడు అన్న. "నన్ను అడిగిండు. అడుగుడేంది? చేతిల నుంచి తాళంచెవి గుంజుకోవాలె. కొలువొస్తే నువ్వు అడుగకు."

తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. తీసుకున్నారు, ఆరు నెలలు ట్రైనీగా. చేరి ఇప్పటికి రెండు నెలలు. పోయిన వారం ఒక డ్రైవర్ కళ్ళు ఎర్రగా ఉండి కూడా రెండో షిఫ్టుకు సిద్ధమయ్యాడు. తాళంచెవి తీసుకున్నాను. అతను అందరి ముందూ నానా మాటలూ అన్నాడు, మర్నాడు కూడా పలకరించలేదు. పైనుంచి వచ్చిన ఫోన్‌కు జవాబు చెబుతుంటే నా గొంతు వణికింది. అయినా బండి కదలదని చెప్పాను. ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చున్న వాళ్ళందరికీ ఇలాంటి పూట ఒకటి వస్తుందని, అప్పుడు గొంతు వణకని వాళ్ళు తక్కువని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ సూపర్‌వైజర్‌కూ వణికే ఉంటుంది.

ఇలాంటి ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: ఆఫీసుకు గంట ముందే చేరుకుని, డ్యూటీ దిగి టీ తాగుతున్న డ్రైవర్లతో కాసేపు మాట్లాడండి. లోపల అడిగేది వాళ్ళ గురించే.