ఏసన్న చేలో టవరు

మా ముత్తాత ఓబుళరెడ్డి ఊరికి మునసబు. మా నాయనకు నాయన, జేజినాయన సుబ్బారెడ్డి అరుగు మీద కూర్చుంటే ఆళ్లగడ్డ నుంచి వచ్చిన కోర్టు అమీను కూడా నిలబడే మాట్లాడేవాడు. వాళ్ల పేరు చెప్పుకొని బతికినవాణ్ణి నేను. ఆ పేరుతోనే ఒక తప్పు చేశాను. తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పాత తీగల్లో కరెంటు దారిలోనే వృథా అవుతోందని, పెద్ద లైను వేయడానికి నంద్యాల నుంచి సర్వేవాళ్లు వచ్చారు. మాకు మిగిలిన నాలుగెకరాల్లో, సరిగ్గా జేజినాయన సమాధి పక్కన, టవరుకు గుర్తు రాయి పాతారు. నాకు ఒళ్లు మండింది. లైను దారి మారదన్నారు. పక్క చేను రైతు ఒప్పుకుంటే టవరును మాత్రం కొంచెం ముందుకు జరపవచ్చన్నారు.

పక్క చేను ఏసన్నది. సన్నగా, పొడుగ్గా రెండెకరాలు. ఒక బోరు. ఆయనకు చదువు రాదు. ఏ కాగితం వచ్చినా మా అరుగు మీద చదివించుకోవడం ఆ ఇంటికి తండ్రి నాటి నుంచీ అలవాటు. సర్వేవాళ్లు ఇచ్చిన ఒప్పుదల కాగితాన్నీ అలాగే తెచ్చాడు.

"ఏందిది సిన్నరెడ్డీ, ఏం రాసుండారు?"

"తీగలు పైన పోతాయంట. నీ చేనికేం కాదులే."

"నువ్వు సదివినాక ఇంగేముంది! యాడ ఎయ్యాల్నో సూపీ. సేద్యం జేసి ఏలు అరిగిపాయ, ముద్ర పడ్తాదో లేదో!"

నవ్వాడు. వేలు పట్టుకొని నేనే ముద్ర వేయించాను.

టవరు అన్న మాట కాగితంలో ఉంది. నా నోటికి రాలేదు. రాలేదా, నేను రానివ్వలేదా?

టవరు కాళ్లు ఆయన బోరు పక్కనే దిగాయి. రెండో ఏడు బోరు ఎండింది. కొత్తది వేయిద్దామంటే, నీళ్లు పడే చోటు అదొక్కటే; టవరు పక్కన బోరు బండి నిలపకూడదన్నారు. ఏసన్న ఇప్పుడు బేతంచెర్లలో బండలు మోస్తున్నాడు. సర్వేవాళ్లు మోసం చేశారనే ఈరోజుకీ అందరికీ చెబుతాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే, తల ఎత్తుకొని ఏదో ఒక జవాబు చెప్పి ఉండేవాణ్ణేమో.

లైను అవసరమే, కాదనను. ఊళ్లో మోటార్లు మునుపటిలా కాలిపోవడం లేదు. అంత పనికి ఎవరో ఒకరి చేను నష్టపోవాలి. ఎవరిదన్నది ఇంజినీర్లు కాదు, నేను నిర్ణయించాను.

క్షమించమని అడగను. ఏసన్నను అడగవలసింది మిమ్మల్ని అడిగి ఏం లాభం? రాశాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది.

మా నాలుగెకరాలను, జేజినాయన సమాధితో సహా, నిరుడు ప్లాట్లు వేసేవాళ్లకు అమ్మేశాను.